కుడివైపు పతకాలు

హనుమాన్ జంక్షన్ బస్టాండు వెనక జాకెట్లు కుట్టే నాగమల్లేశ్వరి ఏడాదికి ఒక్కరోజు మిషను మీద గుడ్డ కప్పేస్తుంది. అది కార్గిల్ విజయ దినం. ఆమె భర్త సూర్యప్రకాష్ ఆ యుద్ధంలోనే పోయాడు. అప్పటికి పెళ్లయి రెండేళ్లు. పతకాలు తెచ్చి ఇచ్చిన సుబేదారు, "ఇవి మీరు పెట్టుకోవచ్చమ్మా, కానీ కుడివైపే. ఎడమవైపు పెట్టుకునే హక్కు వాటిని సంపాదించినవాడికే" అని చెప్పాడు. ఆ మాట ఆమెకు శిలాశాసనం. ఏటా ఆ రెండు పతకాలూ పవిట మీద కుడివైపు పెట్టుకుని, బడిపిల్లల ముందు కాసేపు నిలబడి ఇంటికొచ్చేస్తుంది. మళ్లీ పెళ్లి చేసుకోమన్నవాళ్లకు అత్తగారు పద్మావతమ్మను చూపించి, "ఆవిణ్ణి ఎవరు చూస్తారు?" అనేది. అత్తగారూ తక్కువ తినలేదు. కోడలు కాదు, నా కూతురు అని ఊరంతా చెప్పుకునేది.

ఈసారి పతకాల పెట్టె తెరిస్తే ఖాళీగా ఉంది.

"రిబ్బన్లు వెలిసిపోయినయ్యని హేమసుందర్ పట్టుకెళ్లాడే. కొత్తవి వేయిస్తాట్ట" అంది పద్మావతమ్మ.

హేమసుందర్ ఆమె చిన్నకొడుకు. విజయవాడ భవానీపురంలో స్థలాల వ్యాపారం. సైన్యం సంగతి అటుంచండి, కాలేజీలో ఎన్.సి.సి. డ్రిల్లుకే ఎగనామం పెట్టిన ఘటం. వాళ్ల కాలనీలో మాజీ సైనికులకు సన్మానం ఉందని, అమ్మకు కారు పంపుతానని, వదినకెందుకు శ్రమ అని కబురు చేశాడు. తన భర్త రోజున తను ఇంట్లో కూర్చోవడమేమిటని నాగమల్లేశ్వరి కూడా కారెక్కింది. దారి పొడుగునా అత్తగారు నోరు విప్పలేదు. పెద్దకొడుకు గుర్తొచ్చాడేమో అనుకుంది ఈ పిచ్చిది.

"కార్గిల్ వీరుడు, మన కాలనీకే గర్వకారణం, హేమసుందర్ గారు!" అని మైకులో పిలిచారు. స్టేజీ మీద కూర్చున్న మరిది లేచి సెల్యూట్ కొట్టాడు. సూర్యప్రకాష్ పతకాలు రెండూ వాడి కోటు మీద, ఎడమవైపు ఉన్నాయి.

ఆమెకు ఒళ్లు మండిపోయింది. లేవబోతే పద్మావతమ్మ కొంగు పట్టుకుంది.

"కూర్చోవే. నేనే పెట్టుకోమన్నా."

"అత్తయ్యా! ఆయన ప్రాణం పెట్టి సంపాదించినవి కదా!"

"పోయినోడు ఎటూ రాడు. ఉన్నోణ్ణన్నా నలుగుర్లో గొప్పగా బతకనియ్. ఎంతైనా బయటిదానివి, కన్నకడుపు బాధ నీకేం తెలుసుద్ది?"

బయటిది! ఇరవై ఏళ్ల పైచిలుకు ఆవిడకు అన్నం పెట్టి, ఆవిడ పక్కనే చాప వేసుకుని పడుకున్న మనిషి బయటిది! మరిది చేసింది దొంగతనం. దానికి కోపమొచ్చింది. ఈ మాటకు మాత్రం గుండె చిక్కబట్టుకోవడం ఆమె వల్ల కాలేదు.

కొంగు విడిపించుకుని స్టేజీ ఎక్కింది.

"వదినా, ఇంటికెళ్లాక మాట్లాడుకుందాం" అని గొణిగాడు హేమసుందర్.

ఆమె వాడి కోటుకున్న పిన్నులు తీసి, పతకాలు తన పవిటకు కుడివైపు పెట్టుకుని మైకు అందుకుంది.

"ఇవి మా ఆయన సూర్యప్రకాష్ గారివండీ. ఈయన మా మరిది. సైన్యంలో ఒక్కరోజు కూడా పని చెయ్యలేదు."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆమె దిగి వచ్చేసరికి అత్తగారు కుర్చీలో లేదు. స్టేజీ పక్కన చిన్నకొడుకు చెయ్యి పట్టుకుని, "నా బిడ్డ పరువు తీసింది" అని వచ్చేపోయేవాళ్లకు చెప్పి ఏడుస్తోంది.

నాగమల్లేశ్వరి కాసేపు నిలబడి చూసింది. అత్తగారు ఇటు తిరగలేదు. జంక్షన్ బస్సు ఆమె ఒక్కతే ఎక్కింది.