నేను పేరు పెట్టిన పిల్ల

దయ్యాలంటే నాకు నవ్వు. శ్మశానం పక్క దారిలోనే మూడేళ్ళు కాలేజీకి వెళ్ళొచ్చినదాన్ని. అందుకే ఇది చెబితే మా ఇంట్లోవాళ్ళే "నువ్వా ఇలా మాట్లాడేది!" అంటారు.

రెండువేల ఏడు కాబోలు. ఏలూరులో ఒక నెట్ సెంటర్‌లో కౌంటర్ చూసేదాన్ని. నెట్‌లో ఒకరి పేజీలో ఒకరు స్క్రాప్‌లని చిన్న చిన్న సందేశాలు రాసుకోవడం అప్పట్లో అందరికీ పిచ్చి. మా ఎదురింటి శీనుకి మరీను. పగలు పెదపాడు దగ్గర చేపల చెరువుల మీద పని, సాయంత్రం మా సెంటర్లో హాజరు. తనని ఒక్క అమ్మాయీ పలకరించదని ఒకటే గోల.

ఆటపట్టిద్దామని నేనే ఒక అమ్మాయిని పుట్టించాను. పేరు నీలవేణి. ఊరు కొల్లేటి పక్క. ఫోటో బదులు తామరపువ్వు బొమ్మ పెట్టాను. ఆ పేరుతో శీనుకి రోజూ స్క్రాప్‌లు రాశాను.

కోతిపుండు బ్రహ్మరాక్షసి అయింది. మాట ఇచ్చేసిన తణుకు సంబంధాన్ని శీను వద్దన్నాడు. చేసుకుంటే నీలవేణినే అట. వాళ్ళమ్మ ఏడుస్తుంటే నాకు ముద్ద దిగలేదు. ఆ అకౌంట్ నాదని ఎవరికీ చెప్పలేదు, పాస్‌వర్డ్ ఎక్కడా రాసుకోలేదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

ఆదివారం పొద్దున తప్పు ఒప్పుకుందామని వాళ్ళింటికి వెళ్ళాను. శీను చెరువుల మీదికి వెళ్ళాడు. వాళ్ళమ్మగారు నవ్వుతూ కుర్చీ వేశారు.

"నీలవేణి నిన్న మధ్యాహ్నం వచ్చిందమ్మా. లక్షణమైన పిల్ల. బొట్టు పెట్టి, జాకెట్టు ముక్క ఇచ్చి పంపించాను."

"ఇంకెవరో అయ్యుంటారండీ," అన్నాను.

"ఇంకెవరో ఏమిటి, నీ గురించి కూడా చెప్పింది. తనకి పేరు పెట్టింది నువ్వేనట." ఆవిడ నన్ను ఎగాదిగా చూశారు. "పేరు పెట్టేది మేనత్త కదమ్మా. నీ ఈడు పిల్లకి నువ్వు మేనత్తవెలా అయ్యావు?"

మా అన్నయ్యకి అప్పటికి పెళ్ళే కాలేదు.

తిన్నగా సెంటర్‌కి వెళ్ళి ఆ పేజీ తీసేయబోయాను. పాస్‌వర్డ్ తప్పంది, మూడుసార్లూ. నా సొంత పేజీ తెరిచాను. తామరపువ్వు బొమ్మతో కొత్త స్క్రాప్ ఉంది: "అత్తా, ముహూర్తాలు పెట్టుకునే రోజు నువ్వు రావాలి."

ఎవరో అకౌంట్ దొంగిలించి ఆడించారని అనుకోవచ్చు. నేనూ చాలాకాలం అలాగే సర్దిచెప్పుకున్నాను. మరి పేరు పెట్టింది నేనని వాళ్ళకెలా తెలిసింది?

శీనుకి నిజం చెప్పాలని ఎన్నోసార్లు నోరు తెరిచాను. ఏమని చెప్పను? అలాంటి అమ్మాయే లేదనా? వాళ్ళమ్మ స్వయంగా బొట్టు పెట్టి పంపించారాయె.

ఆ పిల్ల మళ్ళీ రాలేదు. శీను ఇంకా పెళ్ళి చేసుకోలేదు. నేను కనబడినప్పుడల్లా "మీ మేనకోడలు ఎప్పుడొస్తుంది?" అని అడుగుతాడు. నాకు తెలిస్తే కదా.