బీరప్ప భుజాలు

గుడి తూర్పు గోడ మీద జగదీశ్ వేసిన గొర్రెలను తప్పుపట్టిన వాళ్లు ఒక్కరూ లేరు. మంద ముందు నడిచే పొట్టేలు మెడ తిప్పిన తీరు, వెనకబడ్డ పిల్ల ముందుకాళ్లు ముడిచి లేవబోతున్న తీరు చూసి, ముసలివాళ్లు తమ పాత మందల్లోని గొర్రెలను పేరుపేరునా గుర్తుపట్టారు. చిక్కంతా ఆ మంద మధ్యలో కర్ర పట్టుకుని నిలబడిన దేవుడు బీరప్పతోనే వచ్చింది. బీరప్పలో ఏదో కుదరలేదని అందరికీ తెలుస్తున్నది గాని, కుదరనిదేమిటో ఎవరికీ చెప్పరావడం లేదు. చివరికి జగదీశ్ మేనత్త అనంతమ్మ చెప్పింది. ఆమె నడివయసు దాకా మంద వెంట తిరిగిన మనిషి.

"గొర్లు మంచిగున్నయిరా జగ్గా. దేవుడే, మేక తుమ్మకొమ్మ అందుకుందామని ఎనకకాళ్ల మీద లేసినట్టున్నడు."

అక్కడున్నవాళ్లంతా నవ్వారు. జగదీశ్ కూడా నవ్వాడు. కులపెద్ద శివయ్య మాత్రం నవ్వలేదు. గుడి పని ఆయన మీద ఉన్నది.

"జాతర దాంక చూస్తం బిడ్డా," అన్నాడు. "సక్కగ రాకపోతే పట్నం నుంచి టైల్సు తెప్పిస్తం. అండ్ల దేవుడు అచ్చయ్యే వస్తడు. నాలుగు గోడలకు ఒక్కసారే అంటిస్తరు."

టైల్సు అంటిస్తే దేవుడితోపాటు మంద కూడా వాటి కిందికే పోతుంది.

జగదీశ్ నలభై దాటిన మనిషి. శంషాబాద్ దగ్గర సాతంరాయికి లోపలగా ఉన్న ఆ పల్లెలో వాళ్లది తరాలుగా గొర్రెలు కాసే కుర్మ కుటుంబం. మేత భూములు తగ్గి మంద అమ్ముకున్నాక తండ్రి కుర్మయ్య రోడ్డు మీద మాంసం దుకాణం పెట్టాడు, కొడుకు ఆ దుకాణంలోనే పెరిగాడు. కొంతకాలం దుకాణాలకు బోర్డులు రాశాడు. ఫ్లెక్సీలు వచ్చి ఆ పని పోయింది. ఇప్పుడు విమానాశ్రయంలో సామాను ఎక్కించే పని. పెట్టెలు ఎత్తి ఎత్తి డ్యూటీ దిగేసరికి భుజాలు బిగుసుకుపోయేవి. గుడి గోడ అతనికి చాలా ఏళ్ల తర్వాత దొరికిన గోడ. దాన్ని పోగొట్టుకుంటే మళ్లీ ఎవరూ పిలిచి గోడ ఇవ్వరని అతనికి తెలుసు.

శంషాబాద్ బస్టాండు వెనక స్వర్ణలత అనే విశ్రాంత డ్రాయింగ్ టీచరు ఉంటారు. ఆదివారాలు తన ఇంటి వరండాలో కొందరికి బొమ్మలు నేర్పుతారు. జగదీశ్ వెళ్లి ఫోనులో బీరప్ప ఫోటో చూపించాడు. ఆమె కళ్లద్దాలు తుడుచుకుని చాలాసేపు చూశారు.

"నువ్వు గొర్రెలు కోస్తావా?"

"చిన్నప్పటి సంది, మేడం. బాపు దుకాన్ల."

"తెలుస్తూనే ఉంది. ఈ చేతులు పక్కటెముకల పక్క నుంచి దిగుతున్నాయి. గొర్రెకు భుజం పలక ఎముక ఛాతీకి పక్కన ఉంటుంది, కాబట్టి ముందుకాళ్లు అట్లా దిగుతాయి. మనిషికి ఆ ఎముక వీపు మీద ఉంటుంది. సరే, నీ దేవుడి మెడ కింద అడ్డంగా ఉండవలసిన ఎముకలు ఏవి?"

"అక్కడ ఎముకలుంటయా, మేడం?"

"నీకు లేవా?"

జగదీశ్ చొక్కా మెడలో వేళ్లు పెట్టి తడుముకున్నాడు. గొంతు గుంట దగ్గర మొదలై రెండు వైపులా భుజం చివరిదాకా పోయిన ఎముక చేతికి తగిలింది. దాన్ని జత్రుక అంటారని ఆమె చెప్పారు. ఎన్ని వందల గొర్రెలను విప్పినా ఆ చోట అతని కత్తికి ఎముక అడ్డం రాలేదు, ఎందుకంటే గొర్రెకు అది ఉండదు. మనిషి లోపలా అదే అమరిక ఉంటుందని అతను ఏనాడూ అనుకోలేదు. లేదనీ అనుకోలేదు. అతని చెయ్యే ఆ మాట అనేసుకుంది. గొర్రెను కోసి ఎరగనివాడైతే క్యాలెండరులోని బొమ్మ చూసి సగమైనా సరిగా దించేవాడు. ఇతను క్యాలెండరులోని దేవుణ్ణి చూస్తూ గొర్రెను గీశాడు.

ఆ రోజు నుంచి స్వర్ణలత అతనిచేత ముఖం గీయించలేదు, బట్ట గీయించలేదు. అస్థిపంజరం పటం ముందు పెట్టి ఎముకలే గీయించారు. చెయ్యి దించితే పలక ఎక్కడుంటుంది, ఎత్తితే ఎంత తిరుగుతుంది, జత్రుక ఏ చివర పైకి లేస్తుంది. ఆ పద్ధతి కఠినమైనదనే చెప్పాలి. పొద్దంతా బరువులు మోసి వచ్చిన మనిషికి అది ఇంకా కఠినం. అతను చాలాసార్లు గీస్తున్న కాగితం మీదే కునుకు తీశాడు. ఒకసారి పెన్సిలు చేతిలో ఉండగానే నిద్రపోయి, లేచి చూసేసరికి పక్కటెముకల మీదుగా ఒక పొడుగాటి గీత పడి ఉంది. ఆమె లేపలేదు. లేచాక ఆ గీత చెరిపించి, మళ్లీ మొదటి నుంచి వేయించారు. దయ లేక కాదు, సగం నేర్చినవాడు ఏం చేస్తాడో ఫోటోలో చూసి ఉన్నారు గనుక.

ఇంట్లో భార్య సునీత బియ్యం చెరుగుతుంటే వెనక నిలబడి, ఆమె చేట ఊపినప్పుడల్లా భుజం పలక ఎటు జారుతున్నదో చూసేవాడు.

"ఏందయ్యా గట్ల చూస్తున్నవ్? ఏ ముక్క కొట్టాల్నా అని ఆలోచిస్తున్నవా?"

"జర చెయ్యి పైకెత్తు."

"బియ్యం నీ తాత చెరుగుతడా?" అని ఆమె లేచి వెళ్లిపోయేది. వెళ్తూ ఒక్క క్షణం చెయ్యి ఎత్తి చూపించేది కూడా.

భుజం తీరు కొంత పట్టుబడ్డాక అతను గోడ దగ్గరికి వెళ్లాడు. అక్కడ అసలు చిక్కు బయటపడింది. బీరప్ప గదవ ఛాతీ మీదే కూర్చుని ఉంది, జత్రుకలు వేయడానికి మధ్యలో చోటే లేదు. ముఖాన్ని బెత్తెడు పైకి జరిపితే అంతా సర్దుకుంటుంది. కానీ ముఖాన్ని ముట్టుకోవడానికి వీల్లేదు. దేవుడికి కండ్లు తెరిపించి కొబ్బరికాయ కొట్టాక ఆ ముఖం మీద కుంచె పెట్టకూడదని వాళ్ల కట్టుబాటు. కండ్లు ఎప్పుడూ చివరనే పెట్టాలి. అయితే గోడ మొదలుపెట్టిన ఆదివారం మంచిదని కుర్మయ్య పట్టుబట్టి ముందే కండ్లు పెట్టించాడు. ఈ తప్పు ఎవరిదని తూచి చూస్తే తండ్రి తొందర కొంత ఉన్నది. కానీ తండ్రికి ఎముకల సంగతి తెలియదు. ముఖం ఒక్కటి బాగా కుదిరిందన్న సంబరంలో మిగతాది కూడా కుదిరినట్టే అనుకుని కుంచె అందుకున్నవాడు జగదీశ్.

శివయ్య ఒక దారి చెప్పాడు. "భుజాల మీద గొంగడి కప్పు. ఎవనికి కానొస్తది?"

జగదీశ్ అలసిపోయి ఉన్నాడు, ఆ మాట తియ్యగా వినిపించింది. నల్ల గొంగడి కప్పాడు. దిగి వెనక్కి వచ్చి చూస్తే అది మనిషి మీద కప్పినట్టు లేదు, వానలో గొర్రె వీపు మీద పరిచినట్టు ఉన్నది. బట్ట తన కింద ఏమున్నదో దాని ఆకారాన్నే చెబుతుంది, కింద తప్పు ఉంటే తప్పునే చెబుతుంది. మరుసటి రోజు డ్యూటీ దిగి నేరుగా వచ్చి, గదవ కింది నుంచి పాదాల దాకా మొత్తం గీకేశాడు.

ముఖాన్ని పైకి జరపలేడు కాబట్టి దేహాన్నే కిందికి దించాలి. నేల గీతను అరుగుదాకా తేవాలి. చేసినదంతా మళ్లీ చేయాలి. జాతర దగ్గరపడుతున్నది, గోడ మీద మంద మధ్యలో తల ఒక్కటే కళ్లు తెరుచుకుని చూస్తున్నది. ఊరు ఊరుకోలేదు.

"ఇగ ఇదేందిరా," అన్నాడు కుర్మయ్య. "దేవుని తలకాయ దుకాన్ల పెట్టినట్టు పెట్టినవ్."

"నువ్వే గదా బాపు ముందుగాల కండ్లు పెట్టుమన్నది."

"నేను కండ్లు పెట్టుమన్న. ఒళ్లు తియ్యుమన్ననా?"

"ఒళ్లు నీదే కావాలె. జర గొంగడి ఏసుకొని నిలవడు."

ముసలాయనకు ఒక చోట నిలబడడం చేతకాదు. మంద వెంట నడిచిన కాళ్లు. కర్ర పట్టుకుని నిలబడి, చుట్ట అడిగాడు, ఈగలను తోలాడు, దారిన పోయేవాళ్లందరినీ పలకరించాడు. అయినా చెయ్యి ఎత్తి కర్ర పట్టుకున్నప్పుడల్లా గొంగడి ఒక వైపు జత్రుక మీద ఆగేది, రెండో వైపు పలక మీదుగా వీపుకు జారేది. కొడుకు మొదటిసారి తండ్రి ఒంటిని అంత దగ్గరగా చూశాడు. గొంతు కింద గుంటలు లోతుగా పడి ఉన్నాయి. ఒక భుజం రెండోదాని కన్నా కిందికి ఉంది. అతను ఆ తేడాను సరిచేయలేదు. దేవుడి భుజం కూడా అట్లాగే దిగింది.

"ఇంకెంత సేపురా? నడుము పోతున్నది."

"నాది గూడ పోతున్నది. జర ఓపిక పట్టు."

జాతర ముందు శివయ్య, మరి కొందరు వచ్చి గోడ ముందు నిలబడ్డారు. దేహం పూర్తయింది. నేల గీత కిందికి దిగినందువల్ల పాదాలు అరుగు అంచును తాకుతున్నాయి. పిడికిలి లోపల వేళ్లు ఇంకా ముద్దలాగానే ఉన్నాయి, చేతుల దాకా పాఠం రాలేదు. జగదీశ్ ఆ లోపాన్ని తనే చెప్పాడు. ఎవరూ పట్టించుకోలేదు.

అనంతమ్మ దగ్గరికి వచ్చి పైనుంచి కింది దాకా చూసింది.

"గీయన మా అన్న లెక్క అలిసిపోయిండు గదరా," అన్నది. దేవుడి భుజం వైపు వేలు చూపి, "మనిషే," అన్నది.

శివయ్య తలూపాడు. "ఈ గోడ ఉండనీ. తక్కిన మూడింటికి టైల్సే పెడ్తం బిడ్డా. ఏమనుకోకు. నీతోని అయితే ఇంకో మూడు జాతరలు పడ్తయి."

అది న్యాయమైన మాట. ఒక గోడకు అతను తీసుకున్న కాలాన్ని అందరూ చూశారు, అతనూ లెక్కపెట్టుకున్నాడు. దక్కాలనుకున్న గోడ దక్కింది, మంద కూడా దానితోపాటే మిగిలింది. మిగతా మూడు పోయాయంటే అతనికి రావలసినంత బాధ రాలేదు. ముందు వచ్చింది నిద్ర. "మంచిదే, పెద్దబాపు," అన్నాడు. కుంచెలు కిరసనాయిలులో కడిగి, బట్టతో తుడిచి, డ్యూటీ బస్సు కోసం రోడ్డు వైపు నడిచాడు. సీటు దొరికింది. పక్కన నిలబడ్డతను పైకడ్డీ పట్టుకోవడానికి చెయ్యి ఎత్తితే జగదీశ్ చూపు ఆ భుజం మీదికి పోలేదు, పిడికిలి మీదికి పోయింది. నాలుగు వేళ్లు కడ్డీని చుట్టుకోగా, బొటనవేలు వాటికి ఎదురుగా ఎక్కడి నుంచి వస్తున్నదో చూస్తూ, బస్సు విమానాశ్రయం వైపు దారి మళ్లకముందే కళ్లు మూసుకున్నాడు.