ఒక గంట ముందొచ్చే బుచ్చన్న

ఖతర్‌లో మా లేబర్ క్యాంపులో బుచ్చన్న మీద ఒక ఎగతాళి ఉంది. ఐదింటికి బస్సంటే నాలుగింటికే గేటు దగ్గర నిలబడతాడు. "ఏం బుచ్చన్నా, బస్సును నువ్వే కడిగి తెస్తవా?" అని నిజామాబాద్ గయాజ్ రోజూ అంటాడు. అందరూ నవ్వుతారు. నేనూ నవ్వుతాను, తేలు కుట్టిన దొంగలా. ఆ గంట ఎక్కడిదో నాకు తెలుసు.

బుచ్చన్నది మా ఊరే. రిజర్వేషన్ వచ్చిన ఏడాది మాదిగవాడ నుంచి గెలిచిన మొదటి సర్పంచ్. మా పెదనాన్న ఉపసర్పంచ్, పేరుకే ఉప. నాకంటే పదేళ్లు పెద్దవాణ్ణి, సర్పంచ్ అయ్యాక కూడా "బుచ్చిగా" అనే పిలిచాను. అతను కుర్చీలో కూర్చుంటే మా ఇళ్లలో ఎవరికీ అన్నం సహించలేదు. ఊరంతటికీ మంచినీళ్ల పైపు అతనే తెచ్చాడు. ఆ నీళ్లు మాత్రం మాకు బాగానే దిగాయి.

ఆగస్టు పదిహేను నాడు బడి దగ్గర జెండా ఎగరేయాల్సింది సర్పంచ్. ముందురోజు పెదనాన్న నన్ను పిలిచి, "వానికి తొమ్మిదింటికని చెప్పు. మనం ఎనిమిదింటికే కానిద్దాం," అన్నాడు. చెప్పాను. పొద్దున జెండాలో పూలు పెట్టి మడిచిందీ నేనే.

తొమ్మిదికి పది నిమిషాల ముందు బుచ్చన్న ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని, చాక్లెట్ల సంచి పట్టుకుని, భార్య గంగాబాయితో వచ్చాడు. జెండా పైన ఎగురుతోంది. పిల్లలు వెళ్లిపోయారు. "టైం ఎవలకోసం ఆగుతదిరా," అన్నాడు పెదనాన్న. బుచ్చన్న చెప్పులు విడిచి జెండాకు సెల్యూట్ చేసి, సంచి బడి అరుగు మీద పెట్టి వెళ్లిపోయాడు. అందులోంచి ఒక చాక్లెట్ నేను తిన్నాను. అన్నిటికంటే అది తలుచుకుంటేనే నాకు ఎక్కువ సిగ్గు.

పదవి దిగాక ఊళ్లో ఎవరూ అతన్ని పనికి పిలవలేదు. ఖతర్ వచ్చి సెంట్రింగ్ పనిలో చేరాడు. తర్వాత నా బోర్లు ఎండి నేనూ వచ్చాను. అల్ రయ్యాన్‌లో అదే సైటు, అదే క్యాంపు, అదే గది. మొదటిరోజు నా పెట్టె మోసిందీ, పరుపు వేసిందీ అతనే. "మా ఊరోడు" అని అందరికీ చెప్పాడు. తాను సర్పంచ్‌గా చేశానని మాత్రం ఎవరికీ చెప్పుకోలేదు. నేనూ చెప్పలేదు.

ఈ ఏడు కంపెనీలో కార్మికుల కమిటీకి ఎన్నికలు పెట్టారు. బస్సు కోసం నిలబడే చోట పట్టుబట్టి నీడ వేయించింది బుచ్చన్నే కాబట్టి నేపాలీలు, బంగ్లా వాళ్లు కూడా అతనికే ఓటేశారు. మా క్యాంపులో గెలిచిన మొదటి తెలుగువాడు అతనే. గయాజ్ నా భుజం తట్టి, "మీ ఊరోడే గదా, ఊర్ల గూడ గిట్లనే ఉంటుండెనా?" అన్నాడు. తల కొట్టేసినట్టయింది. నా నోటితో నిజం చెప్పకుండా ఇక ఆ మనిషి పక్కన కూర్చుని తినలేననిపించింది.

శుక్రవారం మెస్సులో ఇద్దరమే ఉల్లిగడ్డలు కోస్తున్నాం.

"బుచ్చన్నా, ఆ జెండ దినం నీకు అబద్ధం చెప్పిన. ఎనిమిదింటికని నాకు ముందే తెల్సు," అన్నాను.

అతను కత్తి ఆపలేదు. "నాగ్గూడ తెల్సు పటేలా. ఆ దినమే సమజైంది."

"మరి నన్నెందుకు అడగలే?"

"అడిగితే లేదంటవ్. ఒక్క అబద్ధం నీతోని రెండుసార్లు చెప్పిచ్చుడెందుకని ఊకున్న."

చేసిన పాపం చెబితే పోతుందంటారు. నాకేమీ పోలేదు. ఇప్పుడు నన్నేం చేయమంటావని అడిగాను.

"వచ్చే శుక్రవారం కమిటీ మీటింగ్ ఉంది, తొమ్మిదింటికి. అన్ని రూములకు నువ్వే పోయి చెప్పిరా," అన్నాడు.

నలభై గదులు తిరిగాను. ప్రతి తలుపు దగ్గర తొమ్మిదని రెండేసిసార్లు చెప్పాను. మన మాట రానివాళ్లకు తొమ్మిది వేళ్లు చూపించాను.

శుక్రవారం హాలు ఊడ్చి పెడదామని ఎనిమిదికే వెళ్లాను. బుచ్చన్న అప్పటికే తెల్లచొక్కా వేసుకుని ముందు కుర్చీలో కూర్చుని ఉన్నాడు.