మూడేళ్లు నా దగ్గరే ఆగిపోయిన కబురు

క్రీస్తునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, నేను రోజమ్మను, ఈ గుడిలో బలిపీఠపు గుడ్డలు ఉతికే రోజమ్మను. మీలో చాలామంది నన్ను చూసి ఎంత భక్తురాలో అనుకునేవారు, నా చెవిన పడ్డా నేను కాదనేదాన్ని కాదు. ఆ మాట నాది కాదని చెప్పి మీకు తిరిగి ఇచ్చేయడానికే ఇవాళ మీ ముందు నిలబడ్డాను.

మూడేళ్లపాటు నేను నదికి అవతలి గట్టు చూడలేదు. రేవు పక్కగా వెళ్లాల్సి వస్తే కొంగు తలమీదికి లాక్కుని నేల చూస్తూ నడిచేదాన్ని, ఎందుకంటే ఆ గట్టున, హౌరా దాటి టికియాపారాలో, నా చెల్లెలు శాంత ఉంటుంది. మా నాన్న శ్రీకాకుళం నుంచి ఖిదిర్‌పూర్ డాక్‌లో పనికి వచ్చి ఇక్కడే కన్నుమూశాడు, మిగిలింది అమ్మ, నేను, శాంత. శాంతేమో రైల్వేలో పనిచేసే బెంగాలీ అబ్బాయిని, మన మతం కానివాణ్ణి, రిజిస్టరు పెళ్లి చేసుకుని వెళ్లిపోయింది. ఆరోజు నుంచి అమ్మ దాని పేరెత్తలేదు. నేను పెళ్లి మాట తలపెట్టకుండా అమ్మతోనే ఉండిపోయాను, అమ్మకు పక్షవాతం వస్తే తినిపించాను, స్నానం చేయించాను, పక్క మార్చాను, లోలోపల ఎక్కడో, చూశావా ప్రభువా, ఎవరు మంచి కూతురో చూశావా అని రోజూ అనుకున్నాను.

అలాంటి ఒక రోజున, నా చేతి జావ తాగుతూ తాగుతూ అమ్మ నోరు వంకర పోయినా మాట కూడగట్టుకుని అంది. "రోజా, సిట్టికి ఫోన్ సెయ్యే. దాని మొగం ఓపాలి సూడాలనుందే."

చిట్టి అంటే శాంత. పిల్లప్పటి పేరు. అన్నేళ్లు నోటికి రాని పేరు అంత మెత్తగా వచ్చేసరికి నా ఒళ్లు మండిపోయింది. తప్పిపోయిన కుమారుని కథలో, పొలం నుంచి వచ్చి ఇంట్లోకి రానని బయటే నిలబడిపోయిన పెద్దవాడు ఉన్నాడే, నేను సాక్షాత్తూ ఆ పెద్దవాణ్ణే. ఫోను తీసుకుని, అమ్మ చూస్తుండగానే చెవికి పెట్టుకుని, అవతల ఎవరూ లేని ఫోనులో కాసేపు మాట్లాడాను. తర్వాత అమ్మతో, "రాదంటమ్మా" అన్నాను.

అమ్మ మరి మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ అలాగే మాట్లాడాను. ఒక మధ్యాహ్నం మూడు గంటల వేళ, గుమ్మం వైపు చూస్తూనే అమ్మ వెళ్లిపోయింది. సమాధి రోజున శాంత ఎవరి ద్వారానో విని వచ్చి, శ్మశానం గేటు దగ్గర నిలబడి, లోపలికి రమ్మని ఎవరూ పిలవకపోతే అలాగే తిరిగి వెళ్లింది. పిలవాల్సింది నేనే.

ఆ తర్వాత నా భక్తి పెరిగింది సహోదరులారా, ఆ పెరగడం చూస్తే మీకు నవ్వు వస్తుంది. ఫాదర్‌గారి దగ్గర పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనానికి నెలనెలా వెళ్లేదాన్ని. తెలుగు పూజకు వచ్చే తెలుగు ఫాదర్‌గారి దగ్గర కోపం, బద్ధకం, జపమాల మధ్యలో నిద్ర, ఇలాంటి చిల్లర పాపాలు చెప్పేదాన్ని. అసలు పాపం మాత్రం మన విచారణ గుడిలోనే ఉండే ముసలి బెంగాలీ ఫాదర్‌గారికి అట్టిపెట్టాను, ఆయనకు తెలుగు ముక్క రాదు కనుక. ముందు నాకొచ్చిన బెంగాలీలో రెండు మాటలు చెప్పి, చటుక్కున తెలుగులోకి దిగి, ఫోను సంగతి, అమ్మ సంగతి, నేను పడ్డ చాకిరీ, శాంత చేసిన తప్పు, అన్నీ గడగడా చెప్పేసేదాన్ని. ఆయన ఓపిగ్గా విని, చేయెత్తి పాప విమోచనం పలికేవారు. చెప్పినట్టూ ఉంటుంది, ఎవరికీ తెలియనట్టూ ఉంటుంది! ఇంత తెలివి నాకే ఉందనుకున్నాను, కానీ గుడి మెట్లు దిగి బజారు మలుపు చేరేలోపే ఆ శాంతి కాస్తా ఆవిరైపోయేది.

పూజలో ప్రభువు రక్తపు పాత్ర తుడిచిన చిన్న గుడ్డలను మొదటిసారి జాడించిన నీళ్లు మురుగులో పొయ్యకూడదు, మట్టిలోనే పొయ్యాలి, అది మన ఆచారం. ఆ నీళ్లు నేను గుడి వెనక మందార మొక్కకు పోసేదాన్ని. నా చేతి మీదుగా వెళ్లిన నీళ్లకు ఆ మొక్క గుత్తులు గుత్తులుగా పూసేది, నేను మాత్రం ఎండిపోయాను. అద్దంలో చూసుకుంటే ఎవరో దూరపు చుట్టం నిలబడ్డట్టు ఉండేది. అమ్మ కలలోకి వచ్చేది, ఏమీ అనేది కాదు, తలుపు వైపు చూస్తూ కూర్చునేది.

ఈస్టరుకు ముందు వచ్చే తపస్సు కాలంలో ఒక శుక్రవారం మళ్లీ వెళ్లి మోకరించి, మళ్లీ తెలుగులోకి దిగబోతుంటే ఆ ముసలి ఫాదర్‌గారు మా మధ్య ఉన్న చెక్క జాలీ వెనక నుంచి నెమ్మదిగా బెంగాలీలో అన్నారు. "దీదీ, ఆ భాష నాకు తెలియదు. దేవుడికి తెలుసు. కానీ మీరు అందులోకి వెళ్లిన ప్రతిసారీ ఏడుస్తున్నారు. ఇవాళ నాకు అర్థమయ్యేలా చెప్పండి."

నా బెంగాలీ కూరగాయలు కొనే బెంగాలీ. చాకిరీ, ఉక్రోషం, ఇన్నేళ్ల సంగతి, వీటికి నా దగ్గర మాటల్లేవు. వెతికి వెతికి చివరికి నా నోటికి వచ్చింది ఇంతే. "మా డేకేఛిలో. ఆమి బోలినీ." అమ్మ పిలిచింది, నేను చెప్పలేదు. మూడేళ్లుగా నేను చుట్టిన సాకులన్నీ రాలిపోయి పాపం ఒక్కటే మిగిలింది, దాన్ని చూసి నాకే భయం వేసింది. ఎవరిని పిలిచింది, ఆమె ఎక్కడుంది అని ఆయన అడిగారు. చెల్లెల్ని, నది అవతల ఉంది అన్నాను. ఆయన విమోచనం పలికి, ప్రాయశ్చిత్తంగా కరుణా జపమాల ఒక్కసారి చెప్పమన్నారు. "కానీ లాంచీలో చెప్పండి దీదీ" అన్నారు.

మర్నాడు మూడు గంటలకు, ప్రభువు ప్రాణం విడిచిన వేళకు, అమ్మ పోయిన వేళకు, లాంచీ ఎక్కాను. ఆకాశమూ నీళ్లూ ఒకే రంగులో ఉన్నాయి, ఎక్కడ నది ఆగి ఎక్కడ మబ్బు మొదలైందో తెలియలేదు, హౌరా వంతెన కింద స్తంభాల్లేకుండా గాలిలో వేలాడుతున్నట్టు ఉంది, గుర్రపుడెక్క తేలుతూ తేలుతూ పక్కనుంచి పోతోంది. యేసువా, నిన్నే నమ్ముకున్నాను, నాకు మరో దిక్కు లేదు అంటూ పూసలు తిప్పుతుంటే లాంచీ కదలడం లేదనీ, ఆ గట్టే మెల్లగా నా దగ్గరికి వస్తోందనీ అనిపించింది. నిద్రో మెలకువో చెప్పలేను, నా పక్కన బల్లమీద అమ్మ కూర్చున్నట్టూ, ఈసారి ఆమె నీళ్లవైపు చూస్తున్నట్టూ అనిపించింది. ప్రభువును తాకిన నీళ్లే మురుగులో పోనప్పుడు నా ఈ కన్నీళ్లు ఎలా పోతాయి అనుకున్నాను.

శాంత తలుపు తీసింది. లోపలికి కూడా వెళ్లకుండా గుమ్మంలోనే చెప్పేశాను, అమ్మ నిన్ను నాలుగుసార్లు పిలిచింది, నేను ఫోన్ చేయలేదు, నువ్వు రానన్నావని అబద్ధం చెప్పాను అని. అది "ఏటని పిలిసింది?" అని అడిగింది.

"సిట్టి అని."

"నన్నసలు తలుసుకోనేదనుకున్నాను. ఈయేల ఎల్లిపో అప్పా" అని ఈ అక్కను గుమ్మంలోనే ఉంచి తలుపు వేసేసుకుంది. నేను తిరిగి లాంచీ ఎక్కాను. చెప్పగానే క్షమిస్తుందని దేవుడు నాకేమీ మాట ఇవ్వలేదు, ఆయన తన వంతు క్షమ ఇచ్చేశాడు, దాని వంతు దానిది. ఆరోజు నుంచి రోజూ మూడు గంటలకు ఆ గట్టువైపు తిరిగి జపమాల చెప్పుకుంటూ వచ్చాను. ఎండాకాలం పోయింది, వానలు పోయాయి, బెంగాలీల దుర్గా పూజో పండుగ కూడా వెళ్లింది, కబురు లేదు.

మొన్న సమస్త మృతుల దినాన అమ్మ సిలువకు సున్నం వేసి, మందార పూలు పెట్టి, కొవ్వొత్తి ముట్టిస్తుంటే, గేటు దగ్గర శాంత నిలబడి ఉంది, అప్పటిలాగే, అదే చోట. అదే అక్కడినుంచి అంది. "అప్పా, అమ్మ పిలిసినట్టు నన్నోపాలి పిలువు."

సహోదరులారా, మూడేళ్లు నా గొంతులో ఆగిపోయిన ఆ పేరు బయటికి తెచ్చాను. "సిట్టీ, రాయే. అమ్మ రమ్మంతోంది."

అది గేటు దాటి లోపలికి వచ్చింది. దేవునికే మహిమ.

ఇంత పాపిని విన్న దేవుడు మిమ్మల్ని వినడా? మీరు చిల్లర పాపాల కింద దాచుకున్న పెద్దది ఏదైనా ఉంటే ఆయన దగ్గరికి తీసుకురండి, మాటలు రాకపోయినా రండి, ఆయనకు నాలుగు మాటలు చాలు. ఎవరికైనా చేరవలసిన కబురు మీ దగ్గర ఆగిపోయి ఉంటే, నాలాగా మూడేళ్లు మోయకండి. అవతలి గట్టుకు లాంచీ రోజూ ఉంది.