వాకిట్లో అంజిబాబు ముగ్గు

మా ఎదురింటి అంజిబాబు ముగ్గు వేస్తుంటే చూడాలి! కొబ్బరి చెట్లెక్కి కాయల దింపు తీసే మనిషి. అరచేతులు మొద్దుబారిపోయాయి. ఆ చేతుల్లోంచి పిండి సన్నటి దారంలా జారుతుంది. పెళ్ళైనప్పటి నుంచి వేస్తున్నా నాకు ఒక్కనాడూ అలా కుదరలేదు, ఒట్టు.

భార్య సత్యవేణి కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళినప్పటి నుంచి ఈ పని అతనిదే. రోజూ పొద్దున్నే, అక్కడ పనిలోకి దిగే ముందు ఆవిడ వీడియో కాల్ చేస్తుంది. ముందు వాకిలి చూపించమంటుంది. ముగ్గు చూశాకే కబుర్లు.

మా ముక్తేశ్వరంలో మగాళ్ళకి ఇది మింగుడుపడలేదు. మొదట నవ్వారు. తర్వాత దింపుకి పిలవడం తగ్గించారు. చివరికి పెద్దమనిషి సోమేశ్వరరావుగారు అతన్ని మా అందరి ముందుకీ పిలిపించి, మగాడు ముగ్గేస్తే ఊరి పరువేం కావాలని నిలదీశారు. మానకపోతే ఇక ఏ తోటలోనూ చెట్టెక్కనివ్వం అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది! హోమానికి పంతులుగారు తన చేత్తో ముగ్గు వేస్తే కళ్ళకద్దుకుంటారు, పెళ్ళిళ్ళలో మగాళ్ళు వండితే లొట్టలేసుకుని తింటారు, ఇదొక్కటే తప్పెలా అయిందని అడిగేశాను. నువ్వుండమ్మా సూర్యకాంతం అని నన్ను ఆపేశారు. తోటల్లో పని పోతే ఇల్లు గడవదు కదా, అంజిబాబు తలొంచుకున్నాడు.

"ఆయ్, మానేస్తానండీ."

మర్నాడు వాకిలి ఊడ్చి ఊరుకున్నాడు. ఫోన్ మోగింది. ఉత్త వాకిలి చూసి సత్యవేణి పెట్టిన కేక వీధంతా వినిపించింది. ఇంట్లో మనిషి పోతేనే కదా మనం ముగ్గు మానేది! పైగా కూతురు కావ్యకి జ్వరమని ముందురోజే విని ఉంది పాపం. నేనే పరుగెత్తి, నిద్రపోతున్న పిల్లని ఎత్తుకొచ్చి చూపించాను. అయినా ఆ తల్లి ఏడుపు ఆగితేనా!

గోలకి అందరూ వచ్చారు, సోమేశ్వరరావుగారితో సహా. జరిగిందంతా సత్యవేణికి గబగబా చెప్పేశాను. ఆవిడ అడిగితే ఫోన్ ఆయన ముందు పెట్టాను.

"మావయ్యగారూ, ఇక్కడ నేను అన్నం పెట్టేది వేరేవాళ్ళ పిల్లలకండీ. నా గుమ్మం బాగుందని చూసుకుంటేగానీ నాకు చేతులాడవండీ. ఆయన వెయ్యకూడదంటే మరి ఎవరు వెయ్యాలో మీరే చెప్పండి."

అంజిబాబు లోపలికెళ్ళి పిండిడబ్బా తెచ్చుకుని, అంతమంది మగాళ్ళ మధ్య గొంతుక్కూర్చున్నాడు. చుక్కలు పెట్టాడు, కలిపాడు, నేల మీద తామరపువ్వు విచ్చుకుంది. అవతల సత్యవేణి ముక్కు చీదుకుంటూ నవ్వింది.

సోమేశ్వరరావుగారు పంచె ఎత్తిపట్టుకుని, ముగ్గు తొక్కకుండా పక్కనుంచి నడిచారు. వెళ్తూ వెళ్తూ, తమ తోటలో రేపు దింపుందని అంజిబాబుతో అన్నారు. వెనకున్న మగాళ్ళూ ఒక్కొక్కరే ముగ్గు చుట్టూ తిరిగి వెళ్ళారు.