వరండాలో చూపించిన గాయం

హుకుంపేట దగ్గర ఒక కొండ ఊరి బడిలో నేను టీచరుగా ఉన్న రోజుల్లో, మా పక్కింటి అక్క తన పొలంలోనే కత్తి దెబ్బ తింది. ఆ భూమి మీద కన్నేసిన షావుకారు మనిషి ఆమెను వీపు మీద నరికి పారిపోయాడు. అలా దాడికి గురైన గిరిజనులకు ప్రభుత్వం సాయం ఇస్తుందని విని, నేనే ఆమెను తాలూకా ఆఫీసుకు తీసుకెళ్లాను. ఆమెకు తెలుగు అంతంత మాత్రం. ఒడియా కలిసిన వాళ్ల మాట నాకు వచ్చు.

వరండా నిండా జనం. గుమస్తా తల ఎత్తకుండానే, "దెబ్బ ఏదీ? సూపించమనండి టీచరమ్మా, బేగి" అన్నాడు.

"లోపల గదిలో అయితే..." అన్నాను.

"గదిలో ఆఫీసరుగారున్నారు. ఇక్కడే సూపించమనండి."

ఆ మాటే ఆమె భాషలో చెప్పాను. ఆమె ఒక్కసారి నా ముఖంలోకి చూసి, గోడ వైపు తిరిగి చీర జార్చింది. మగవాళ్లు ముందుకు వంగి చూశారు. నేను నా పైట అడ్డం పెట్టేలోపే గుమస్తా "సాలు" అన్నాడు.

తిరుగు బస్సులో ఆమె వచ్చీరాని తెలుగులో అంది: "నరికినోడిని ఎవులూ అడగనేదు. నన్నే ఇప్పి సూపించమన్నారు."

మర్నాడు వెళ్లి ఆఫీసరుకు జరిగింది చెప్పాను. ఆయన తల దించుకున్నారు. ఇకనుంచి ఆసుపత్రి నర్సు చూసి రాసిన చీటీ చాలన్నారు. సాయం మంజూరైనప్పుడు ఆమె ఆ మెట్లు మళ్లీ ఎక్కనంటే, ఆ డబ్బు మనిషి చేత మా ఊళ్లోకే పంపారు.

ఆమె నాతో మాట్లాడటం మానలేదు. నేనే ఆమె కళ్లలోకి చూడలేకపోయాను.