గింజలకు ఫ్యాను వేసిన కోడలు

ఆ వీధిలో ఆమెను అందరూ ఫ్యాన్ల కోడలు అంటారు. మొదట్లో అది ఉత్త వెక్కిరింత.

ఆ ఏడు మొక్కజొన్న గింజలు ఇంటికి చేరిన మర్నాడే ముసురు పట్టింది. తడి తగలకూడదని అందరూ బస్తాలను గదుల్లో కుక్కి తలుపులు బిగించుకున్నారు. ఆమె మాత్రం ఒక బస్తాలోకి మోచేతిదాకా చెయ్యి పెట్టి చూసింది. లోపల జ్వరమొచ్చిన ఒంటిలా వెచ్చగా ఉంది. అంతే, బస్తాలన్నీ విప్పి హాల్లో, పడగ్గదిలో, ఆఖరికి మామగారి మంచం కింద కూడా గింజలు పరిచేసి, ఇంట్లో ఉన్న ఫ్యాన్లన్నీ వాటికే తిప్పింది.

"మనిషికి లేని గాలి గింజలకా? నీకేమైనా మతి పోయిందా అమ్మా?" అన్నారు మామగారు, వంటగదిలో ఓ మూల ముడుచుకుని.

"బూజు పడితే గింజలో విషం పుడుతుంది మామయ్యా. కడిగినా పోదు, వేయించినా పోదు. కాస్త ఓర్చుకోండి," అంది, చేత్తో గింజలు తిరగేస్తూ.

ముసురు వదిలాక కోళ్లదాణా మిల్లువాళ్లు పరీక్ష సామాను పట్టుకుని వచ్చారు. మూసిన గదులు తెరిస్తే పచ్చటి బూజు, ముక్కు పగిలే కంపు. ఇంటింటా బస్తాలు వద్దంటూ వచ్చారు. ఫ్యాన్ల కోడలి గింజల్లో మాత్రం విషం జాడే లేదని తేల్చి, అన్నీ లారీకెత్తించారు. ఆ ఆలోచన తనదే అన్నట్టు మామగారు లారీ పక్కన నిలబడి మీసం దువ్వుకున్నారు.

మరుసటి ఏడు కోత అయిందో లేదో మబ్బు కమ్మింది. ఆమె ఇంకా బస్తా మూతి విప్పనేలేదు. మామగారు అప్పటికే తన మంచం వంటగదిలోకి ఈడ్చేసి వచ్చి, స్విచ్చి మీద వేలు పెట్టి నిలబడ్డారు.

"ముందు నా గదిలో పరుచమ్మా. అక్కడ గాలి బాగా తగులుతుంది."